పెత్రమాసకు ద్రాక్షరసం

శ్రావణం నడుస్తుండగానే మా అత్తమ్మ పెత్రమాస మాట ఎత్తింది. భాద్రపద అమావాస్యనాడు, పోయినవాళ్ళ పటం ముందు వాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టడం అత్తమ్మ వాళ్ళ వైపు ఆచారం. కొత్తగా పోయినవాళ్ళు ఆ రోజుతో పెద్దల్లో కలుస్తారంటారు. మా ఇంట్లో ఆ ఏడు కొత్తగా పోయింది నా భార్య.

గోదావరి చేపల పులుసు తాను వండుతానన్నది అత్తమ్మ. బిడ్డకు పాలపళ్ళు ఊడకముందు నుంచే అది ఇష్టమట. గారెలు, వంకాయ కూర మరదలు చూసుకుంటుంది. వరసంతా చెప్పి, చివర్న నా వైపు తిరిగి, "నువ్వేం పెడుతవు అల్లుడా?" అని అడిగింది.

నేను పినపాకలో బడిపంతులుని. పిల్లలు అడిగిన ప్రశ్నకు జవాబు తెలియనప్పుడు పంతుళ్ళు ఏం చేస్తారో నేనూ అదే చేశాను. రేపు చెప్తానన్నాను.

రాత్రంతా ఆలోచిస్తే నాకు తేలింది ఒక్కటే. చేపల పులుసు అమ్మది, గారెలు చెల్లెలివి. నాకు మాత్రమే తెలిసిన ఇష్టం ఒకటుంది. అది ఏడాదికొకసారి, క్రిస్మస్‌నాడు, చిన్న స్టీలు గ్లాసుతో తాగే వైన్.

ఆమె దవాఖానాలో నర్సు. తోటి నర్సు ఒకామె కేరళ నుంచి వచ్చి అక్కడే ఏళ్ళ తరబడి పనిచేసింది. దవాఖానాలో అందరూ ఆమెను సిస్టర్ అనే పిలిచేవాళ్ళు. నల్లద్రాక్షతో ఇంట్లోనే వైన్ చేసి, పండుగనాడు కేకుతో పాటు పంచేది. నా భార్య ఒక్క గ్లాసు తెచ్చుకుని, వంటింటి గడపలో కూర్చుని, దగ్గుమందు తాగినట్టు చిన్న చిన్న గుక్కలుగా అరగంట సేపు తాగేది. నన్నూ ఒక గుక్క తాగమనేది. నేను తాగేవాణ్ణి కాదు. తాగనివాడినన్న నా గర్వం మాత్రం తాగినవాడికి ఎక్కినంత ఎక్కి ఉండేది.

ఈ సంగతి అత్తమ్మకు తెలియకూడదు. మా మామ సారా తాగి తాగి పోయాడు. తరువాత ఊళ్ళో ఆడవాళ్ళు సారా కుండలు పగలగొట్టినప్పుడు ముందు నిలబడింది అత్తమ్మే. అందుకని నా భార్య పండుగ మరునాడు పుట్టింటికి పోయేటప్పుడు జాగ్రత్త కొద్దీ లవంగాలు నములుతూ పోయేది. నా చిక్కు అక్కడే ఉంది. విస్తట్లో నాకు తెలిసిన ఒకే ఒక్క వస్తువు పెట్టాలంటే ఆమె దాచుకున్న ఒకే ఒక్క సంగతి బయటపెట్టాలి. అది తరువాత చూసుకుందాం, ముందు వైన్ అంటూ ఉండాలి కదా అనుకున్నాను. చదువుకున్నవాళ్ళు కష్టాన్ని వాయిదా వేయడాన్ని ఆలోచించడం అంటారు.

వైన్ ఎక్కడినుంచి వస్తుంది? రాష్ట్రమంతా మద్యనిషేధం. ఆగస్టు పదిహేనున జెండా కింద నిలబడి మద్యం వల్ల కలిగే అనర్థాల మీద మాట్లాడింది నేనే. సిస్టర్ రిటైరై కేరళ వెళ్ళిపోయింది. ద్రాక్షపళ్ళతో చేద్దామంటే వాటి కాలం కాదు. అడవి పల్లెల్లో ఇప్పసారా దొరుకుతుంది గానీ, మామను తీసుకుపోయినదాన్ని ఆయన కూతురి పటం ముందు ఎట్లా పెడతాను? ఇక మిగిలింది దుకాణంలో అమ్మే ద్రాక్షరసం. ఖమ్మం పోయి రెండు సీసాలు తెచ్చాను. సీసా మీద ఉన్నదంతా చదివాను. చదవడం తప్ప నాకేమీ రాదు కాబట్టి అది శ్రద్ధగా చేశాను. నిల్వ ఉండటానికి మందు కలిపినట్టు రాసి ఉంది. మంచిదే, అన్నాళ్ళూ పాడవకుండా ఉంటుంది అనుకున్నాను.

మాది మధిర. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన వ్యవసాయపు కుటుంబం. మా అమ్మ ఏటా జాడీల కొద్దీ ఆవకాయ పెట్టేది. నిల్వ పెట్టడమంటే నాకు తెలిసింది అదొక్కటే. జాడీ కడిగి, ఎండబెట్టి, తడి చెయ్యి తగలకుండా రసం పోసి, చక్కెర కలిపి, సిస్టర్ చెప్పగా విన్నట్టు లవంగం, దాల్చినచెక్క, గుప్పెడు గోధుమలు వేసి, మూతికి గుడ్డతో వాసెన కట్టాను. రోజూ వాసెన విప్పి చూసేవాణ్ణి. పోసింది పోసినట్టే ఉండేది. దాని మొహంలో ఏ మార్పూ లేదు. నా క్లాసులో వెనక బెంచీ పిల్లలు గుర్తుకొచ్చారు.

చివరికి మణుగూరు పోయి ఎస్టీడీ బూత్ నుంచి సిస్టర్‌కు ఫోన్ చేశాను. లైను సరిగా లేదు, అరవాల్సి వచ్చింది. బూత్ తలుపు పూర్తిగా పడదు. బయట క్యూలో మా బడి పిల్లవాడి తండ్రి ఉన్నాడు. వైన్ అన్న మాట నోట రాక, పచ్చడి పెట్టాను సిస్టర్, పొంగడం లేదు అని అరిచాను. ఆమె కంగారుపడి, పచ్చడి పొంగకూడదు సార్ అన్నది. పొంగాలి, మీరు క్రిస్మస్‌కు పెట్టేవారే, ఆ పచ్చడి అన్నాను. అవతల చాలాసేపు నవ్వు. ఆ నవ్వు మధ్యలోనే, ఎవరికోసమో అర్థమైనట్టుంది, ఆగిపోయింది. ఆపైన నిదానంగా చెప్పింది. మందు కలిపిన రసం ఎన్నాళ్ళున్నా పొంగదు. మందు లేనిది తేవాలి, బేకరీలో ఈస్ట్ అడిగి చెంచాడు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి కలపాలి, గాలి పోయేట్టు పలచటి గుడ్డ మాత్రమే కట్టాలి.

నేను బయటికి వచ్చేసరికి పిల్లవాడి తండ్రి నా భుజం మీద చెయ్యి వేశాడు. "నూనె తక్కువైందేమో సార్. మా ఇంట్ల గట్లనే అయింది," అన్నాడు.

మళ్ళీ ఖమ్మం. ఈసారి దుకాణంలో ఉన్న ప్రతి రసం డబ్బా వెనకా ముందూ తిప్పి చదివాను. దుకాణదారు నన్ను తనిఖీకి వచ్చిన అధికారి అనుకుని స్టూలు వేయించాడు. అట్టడబ్బాల్లో మందు కలపని రసం దొరికింది. బేకరీలో ఈస్ట్ అడిగితే ఏ కేకుకు సార్ అన్నారు. పుట్టినరోజు కేకుకన్నాను. ఒక్క గ్లాసు వైన్ కోసం ఖమ్మం జిల్లాలో నేనాడని అబద్ధం లేదు.

పాత రసం పారబోసి సిస్టర్ చెప్పినట్టే కలిపితే, మరునాటికే జాడీలో బుడగలు లేచాయి. చెవి ఆనిస్తే సన్నగా చప్పుడు. ఆ సాయంత్రం నేను ఆమె పటం దగ్గర నిలబడి, పొంగింది అని చెప్పాను. ఇంట్లో ఆ మాట చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు.

తరువాత రోజు పొద్దున్నే వాసెన విప్పేసరికి పైనంతా తెల్లటి నురగ. మా ఇంట్లో జాడీ నురగ కట్టిందంటే పచ్చడి చెడిందని అర్థం. అట్లాంటప్పుడు మా అమ్మ నురగ తీసి పారేసి, ఉప్పు వేసి కలిపేది. నా చెయ్యి నన్నడగలేదు. గరిటె తీసుకుంది, నురగ తీసింది, ఉప్పు డబ్బాలోంచి పిడికెడు తీసి జాడీలో వేసింది. కలపడం కూడా పూర్తయ్యాక నాకు తోచింది, ఇది ఆవకాయ కాదని. నురగ కోసమే కదా ఇన్నిసార్లు బస్సెక్కానని.

ఇంకో విడత చేయడానికి సమయం లేదు. పెత్రమాస దగ్గరికి వచ్చేసింది. గుడ్డ కట్టి, జాడీని బియ్యపు డబ్బా వెనక్కి నెట్టాను.

పండుగ ముందు ఇల్లు కడగడానికి అత్తమ్మ వచ్చింది. నేను బడి నుంచి వచ్చేసరికి జాడీ వాకిట్లో ఉంది. ఆమె దాని పక్కన మెట్టు మీద కూర్చుని ఉంది. ఇల్లు కడగడం సగంలో ఆగిపోయింది.

"కూసో," అన్నది. కూర్చున్నాను.

"మీ మామ సుత గిట్లనే మొదలువెట్టిండు. బియ్యం డబ్బ ఎనక. ఎన్నాళ్ళసంది తాగుతున్నవు?"

నేను తాగడం లేదన్నాను. ఆయనా అట్లనే అనేవాడన్నది. జాడీ ఎత్తి కాలువలో పోయడానికి లేచింది. ఆమె కుండలు పగలగొట్టిన మనిషి, ఈ జాడీ ఒక లెక్క కాదు. నాకు ఇంకేమీ తోచక నిజం చెప్పేశాను. "అది నాకు కాదు అత్తమ్మా. ఆమెకు. క్రిస్మస్‌కు ఒక గ్లాసు తాగేది. నాకు తెలిసి ఆమెకు ఇష్టమైంది అదొక్కటే."

చెప్పిన వెంటనే, ఎన్నో ఏళ్ళు ఆమె నమిలిన లవంగాలన్నీ వృథా చేశానే అనిపించింది.

అత్తమ్మ జాడీని కింద పెట్టింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఏటా ఆ పండుగ తెల్లారి లవంగం నముల్కుంట వచ్చేది," అన్నది. "ఏందే అంటే పన్ను నొస్తుందనేది. నర్సుకు ఏడాదికి ఒక్కదినమే పన్ను నొస్తదా? నేను అడగలే. మొగుడు పంతులాయె, కూలబడేంత తాగనియ్యడులే అనుకున్న."

లేచి జాడీని తీసుకుపోయి బియ్యపు డబ్బా వెనకే పెట్టింది. మరదలికి మాత్రం చెప్పకు, దానికి నోరాగదు అన్నది.

పెత్రమాసనాడు పులుసు, గారెలు, వంకాయ కూర అన్నీ విస్తట్లో పెట్టాక, మరదలు ఇంటిమీద కాకులకు ముద్ద పెట్టడానికి పోయినప్పుడు, నేను ఆ స్టీలు గ్లాసులో వైన్ వడగట్టి పటం ముందు ఉంచాను. రంగు బాగానే వచ్చింది. అత్తమ్మ దాని మీద తమలపాకు కప్పింది. తిరిగి వచ్చిన మరదలు దాన్ని చూసి తీర్థమనుకుంది.

నేను మరిచిన సంగతొకటి ఉంది. పెద్దలకు పెట్టింది పారబోయరు. ఇంటివాళ్ళే తినాలి. సాయంత్రం విస్తరి ఎత్తేటప్పుడు అత్తమ్మ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి రమ్మని సైగ చేసింది. గడపలో కూర్చుంది. కళ్ళు మూసుకుని, తన జన్మలో మొదటిసారి, ఒక గుక్క తాగింది. కొంతసేపు నోట్లోనే ఉంచుకుని మింగింది.

"ఉప్పేసినవా?"

"వేశాను."

"ఎందుకు?"

"నురగొచ్చిందని."

ఆమె నన్ను చూసింది. భుజాలు కదిలాయి. ఏడుస్తుందనుకున్నాను. నవ్వుతోంది. బిడ్డ పోయాక ఆమె నవ్వడం నేను చూడలేదు. చప్పుడు బయటికి పోకుండా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తరువాత గ్లాసు నాకిచ్చింది. తాగాను. తియ్యగా, పుల్లగా ఉండి, మింగాక నాలుక మీద ఉప్పు మిగిలింది. మజ్జిగ కంటే గొప్పగా ఏమీ లేదు.

"ఆమె తాగింది గిట్లనే ఉండేదా?" అని అడిగింది.

నాకు తెలియదన్నాను. ఎన్నిసార్లు ఇచ్చినా నేను తాగలేదన్నాను.

అత్తమ్మ గ్లాసు అడుగున మిగిలిన గుక్క తను తాగేసి, గ్లాసు కడిగి బోర్లించింది. వీధిలో ఆడవాళ్ళు బతుకమ్మలెత్తుకుని పోతున్నారు. మరదలు వాకిట్లోంచి పిలుస్తోంది. అత్తమ్మ పోపుడబ్బా తీసి, లవంగాలు రెండు ఏరి, ఒకటి నోట్లో వేసుకుని ఒకటి నా చేతిలో పెట్టింది.

"పన్ను నొస్తుందని చెప్పు," అన్నది.