సీటు కింద చప్పుడు

పందొమ్మిదివందల అరవై ఒకటో, అరవై రెండో. వరసగా రెండేళ్ళు వానలు ఎగనామం పెట్టిన తర్వాత వచ్చిన వేసవి. కళ్యాణదుర్గం బస్టాండు వెనక నాకొక రేకుల షెడ్డు ఉండేది. తాలూకా మొత్తానికి నన్ను మించిన మెకానిక్కు లేడని చెప్పుకునేవాడిని. నిజానికి తాలూకా మొత్తానికి ఉన్నదే ఇద్దరం. రెండోవాడికి చూపు ఆనేది కాదు.

అప్పుడు కంబదూరు అవతల సర్కారు కరువు పని జరుగుతోంది. రోడ్డుకు కంకర కొట్టే కూలీలకు తాగేనీళ్ళు డ్రమ్ముల్లో పోయేది ఒకే ఒక్క లారీ మీద. యుద్ధం ముగిశాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన పాత పెట్రోలు బండి అది. కిందటి వేసవిలో దాన్ని నడిపినవాడు పెద్దన్న. కంబదూరు ఇంకా రాకముందే ఒక పొడుగాటి మిట్ట ఉంది. ఆ మిట్ట మీద ఒంటరిగా, వడదెబ్బ తగిలి పోయాడు. గొర్రెల కాపరులు చూసేసరికి బండి పక్కన పడి ఉన్నాడట. పెట్రోలు ట్యాంకు మూత కుడిచేతి గుప్పిట్లో ఉందట. వేళ్ళు విడదీసి తీయాల్సి వచ్చిందట.

ఈ వేసవికి పని మళ్ళీ మొదలయ్యాక బండి తమ్ముడు నాగన్న చేతికి వచ్చింది. వచ్చీ రాగానే సరిగ్గా అదే మిట్ట మీద ఆగిపోవడం మొదలుపెట్టింది.

రోగం ఫ్యూయల్ ప్రెషర్ అని నాకు మొదటి చూపుకే తెలిసింది. ట్యాంకులోని పెట్రోలును ఫ్యూయల్ పంపు లాగి, కొంత ఒత్తిడితో కార్బురేటర్‌కు తోస్తుంది. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించేది కార్బురేటర్. ఆ ఒత్తిడి పడిపోతే ఇంజను దగ్గి దగ్గి ఆగిపోతుంది. తెలిసింది సరే, పట్టుకోవడం ఎట్లా? షెడ్డులో పైపు విప్పి ఇంజను హ్యాండిల్ తిప్పిస్తే పెట్రోలు ఎగిరి నా చొక్కా మీద పడేది. అయినా పంపులోని డయాఫ్రం, అంటే గుండెలా కొట్టుకునే పలచని పొర, మార్చాను. పైపులు ఊదాను, పెట్రోలు వడగట్టే జల్లెడ కడిగాను. నాగన్న దణ్ణం పెట్టి వెళ్ళేవాడు. బండి వెళ్ళి మిట్ట మీద ఆగేది.

మూడోసారి వచ్చినప్పుడు బండి దిగకుండానే చెప్పాడు.

"నీ పనితనంలో తప్పు లేదు మేస్త్రీ. మా అన్న తడ్తాండాడు."

"యాడ తడ్తాండాడప్పా?"

"సీటు కింద. తట్టినంక బండి నిలబడ్తాది. నన్ను రమ్మంటాండాడు."

నవ్వబోయి అతని మొహం చూసి మానుకున్నాను. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. నీళ్ళు ఆలస్యమై కూలీల్లో ఒకామె కంకర కుప్ప మీదే పడిపోయిందని చెప్పాడు. ఇంకొక్కసారి ఆగితే తాళంచెవి తల్లి కాళ్ళ దగ్గర పెట్టేస్తానన్నాడు. అతను దిగితే ఆ బండి ఎక్కేవాడు ఇంకొకడు లేడు.

మర్నాడు నేనూ బయలుదేరాను. ధైర్యంకొద్దీ వెళ్ళానని ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చాను. షెడ్డు ముందు నలుగురు వింటుండగా వస్తానని నోరు జారాను, అంతే. ఆ బండికి ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది, మూత తలుపు పక్కన బయటికి. నాగన్న ట్యాంకు నిండా పెట్రోలు పోసి మూత బిగించాడు. తల్లి నారమ్మ గిన్నెలో పసుపు ముద్ద తెచ్చి, నిన్నటి పసుపు మీదే మూతంతా మెత్తి, నడుమ కుంకుమ పెట్టింది. కొడుకు ఆఖరున పట్టుకున్న వస్తువు కదా, బండి కదిలే ముందు రోజూ అలాగే చేస్తుందట. ఆమెను చూడలేక నేను తల తిప్పుకున్నాను.

మిట్ట చేరేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. ఎర్రమట్టి, రాతిగుండ్లు, వేడికి వణుకుతున్న గాలి. ఆ గాలిలో, మిట్ట పైన, ఒక మనిషి నిలబడి మాకేసి చెయ్యి ఎత్తాడు. ఇది నేను పెళ్ళిళ్ళలో చెప్పే భాగం. మనిషీ లేడు, చెయ్యీ లేదు. ఇక్కడినుంచి మాత్రం ఉన్నది ఉన్నట్టు.

ఇంజను రొప్పుతూ ఎక్కుతుండగా సీటు కింద 'టప్' మంది. లోపలినుంచి మెటికలతో కొట్టినట్టు. నాగన్న నా వైపు చూడలేదు. కాసేపటికి మళ్ళీ. ఇద్దరికీ ఒకటే పలక సీటు, ఈసారి ఆ దెబ్బ నా తొడకూ తెలిసింది. ఇంజను దగ్గింది, ఆగింది. డ్రమ్ముల్లో నీళ్ళు కాసేపు ఊగి అవీ ఊరుకున్నాయి. ఈగ చప్పుడు కూడా లేదు.

నాగన్న దిగి ఒక గుండు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ అంతేనట. చాలాసేపు అలా కూర్చుంటే అన్న వదిలిపెడతాడు, బండి కదులుతుంది.

పైపు విప్పి హ్యాండిల్ తిప్పాను. చుక్క రాలేదు. ట్యాంకులోకి చూద్దామని మూత మీద చెయ్యి వేశాను.

"దాన్ని ముట్టొద్దు మేస్త్రీ."

"రోజూ పోసేటప్పుడు నువ్వే తీస్తావు గదప్పా."

"ఇంటికాడ తీస్తా. ఈడ తియ్యను. ఈడ అది వాని చేతిలో ఉండింది."

అప్పటికే తిప్పాను. మూత రాలేదు. లోపలినుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టుంది. బలమంతా పెట్టి పెరికాను. ట్యాంకు ఊపిరి పీల్చింది. సుయ్యిమని, పొడుగ్గా, ప్రాణం పోయే మనిషి ఆఖరుసారి పీల్చినట్టు. సీటు కింద టపటపమని కొట్టుకుంది. నాగన్న "అన్నా" అన్నాడు.

నేను కదలకుండా నిలబడ్డానని మా మనవళ్ళు నమ్ముతారు. ఎగిరి వెనక్కి దూకి పడ్డాను. ఆ మోకాలు ఇప్పటికీ సాక్ష్యం చెబుతుంది.

పడ్డచోటే నాకు తెలివి వచ్చింది. మూతలో సూదిమొనంత రంధ్రం ఉంటుంది, వెంట్ అంటాం. పెట్రోలు తగ్గేకొద్దీ దానిలోంచి గాలి లోపలికి పోవాలి. అది పూడిపోతే ట్యాంకు లోపల గాలి పలచబడి బిగుసుకుంటుంది, పంపు ఎంత లాగినా పెట్రోలు కదలదు. రేకు లోపలికి నొక్కుకుపోతూ టప్ మంటుంది, మూత తీస్తే తిరిగి ఉబుకుతూ టపటపా కొట్టుకుంటుంది. నిండు ట్యాంకుతో బయలుదేరిన బండికి ఆ మిట్ట దగ్గర బిగువు ముదిరేది. ఆగి ఉంటే ఏ సందులోంచో గాలి దూరి సడలేది. షెడ్డుకు వచ్చేసరికి రోగం ఆనవాలే ఉండేది కాదు.

పసుపు గీకాను. అట్టలు కట్టి ఊడివచ్చింది. అడుగున, రంధ్రం లోపల ఉన్నది పసుపు కాదు. రాయిలా గట్టిపడిన ఎర్రమట్టి.

పసుపు ఈ వేసవిది. మట్టి దానికి ముందుది.

నాగన్న మూత తీసుకుని ఆ మట్టిని గోటితో గీకి చూశాడు. "అంటే అన్నకూ నిలబడిండాది" అన్నాడు.

నిలబడింది. దిగి, ఆ ఎండలో ఒక్కడే వెతికి, చివరికి మూత తీసి ఉంటాడు. ఆ ఊపిరి విని ఉంటాడు. రోగం గుప్పిట్లో పట్టుకున్నాక ఎండ అతన్ని పడేసింది.

సన్నని తీగతో రంధ్రం పొడిచాను. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. నీళ్ళు ఆ రోజు వేళకే చేరాయి.

సాయంత్రం వేరే మూత బిగించి, పాతది కడిగి నారమ్మ చేతిలో పెట్టాను. ఇంట్లో ఉంచుకోమన్నాను, ఎందుకో చెప్పలేదు. ఆమె దాన్ని వెలుతురుకు ఎత్తి, రంధ్రంలోంచి చూసింది.

"నా పసుపే అడ్డం పడిందా నాయనా?"

నాగన్నే చెప్పాడు. "లేదుమ్మా. ముందే మన్ను పట్టిండాది. అన్న కనిపెట్టినాడు. మనకే తెలీలేదు."

ఆమె మూతను కొంగులో ముడివేసుకుని లోపలికి పోయింది.

అమావాస్య నాడు ఆ మూత నారమ్మ ఇంటి గూట్లో ఊపిరి తీస్తుందని చాలామందికి చెప్పాను. తీయదు. కానీ ఆ తర్వాత ఏ బండి ఆగిందన్నా నేను ముందు పంపు విప్పలేదు. దాన్ని నడిపినవాడు ఆఖరున దేనిమీద చెయ్యి వేశాడని అడిగేవాడిని. పెద్దన్న రోగాన్ని చేత్తో పట్టుకుని చూపిస్తూనే ఉన్నాడు. మేమంతా దానికి దణ్ణం పెట్టుకుంటూ పోయాం.