నాకెవరూ లేహ్యం పొట్లం ఇవ్వలేదు

సెలవు మీద ఇంటికెళ్లిన మొదటి వారంలోనే తేడా తెలిసింది. పక్కన నా భార్య షాహీన్ ఉంది. నా ఒళ్లు మాత్రం నాది కానట్టు పడి ఉంది. ‘ప్రయాణం అలసట’ అన్నాను. సెలవు అయిపోయేదాకా అదే అలసట. సౌదీలోని యాన్బు నుంచి వనపర్తికి నేనేమైనా నడిచొచ్చానా?

మేం సిద్దీలం. మా ముత్తాతలను ఆఫ్రికా నుంచి వనపర్తి రాజా గుర్రపు దళంలోకి తెచ్చారట. నేను ఏడో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తరువాత లారీ మీడియం. ఇప్పుడు యాన్బులో స్టాఫ్ బస్సు నడుపుతాను. వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, ఎగ్జిట్ కాగితం ఇస్తేనే దేశం దాటగలను. ఎక్కినవాళ్లు నన్ను సూడాన్ మనిషనుకుని అరబీలో మొదలుపెడతారు.

మా గదిలో ఎవరు సెలవుకి వెళ్తున్నా పెట్టెలో ఒక లేహ్యం పొట్లం దూర్చి నవ్వుకుంటారు. నాకు మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు. నా పక్క మంచం కడప బాషా అనేవాడు: “నీకేల భాయ్ ఇది? ఆఫ్రికా సరుకు గదప్పా నువ్వు. నువ్వే మాకియ్యాల.”

“కిలో గావాల్నా, రెండు గావాల్నా?” అనేవాణ్ని నేనూ. అంత పేరు మోసినవాణ్ని, ఏ నోటితో చెప్పను?

యాన్బు తిరిగొచ్చాక నిద్ర కరువైంది. స్టీరింగ్ పట్టుకుంటే ఊరికే కన్నీళ్లు. నల్ల కళ్లద్దాలు కొన్నాను. క్లినిక్‌లో నడుము నొప్పి అని చెప్పాను. ఎక్స్‌రే నార్మల్. నీరసం అన్నాను. షుగర్, థైరాయిడ్ నార్మల్. రిపోర్టుల్లో నా అంత ఆరోగ్యవంతుడు లేడు. చివరికి సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు.

ఆయన ఉర్దూలో అడిగాడు: “ఎప్పుడైనా చచ్చిపోవాలనిపించిందా?”

“చావాలన్నా కఫీల్ ఎగ్జిట్ ఇయ్యాలె గద సార్!”

ఆయన నవ్వలేదు. పెన్ను పక్కన పెట్టాడు. “అనిపించిందా?”

అనిపించింది అన్నాను. షాహీన్ పక్కన ఒళ్లు పలకని సంగతీ బయటపడింది.

“డిప్రెషన్. అది కోరికను కూడా తినేస్తుంది. నీ మగతనం తగ్గిందని కాదు,” అన్నాడు.

టాబ్లెట్లతో నిద్ర, ఆకలి వచ్చాయి. కోరిక ఇంకా దూరం పోయింది. మళ్లీ సెలవు దగ్గర పడుతోంది. ఈసారైనా మగాడిలా వెళ్లాలని టాబ్లెట్లు మానేశాను. మగాడి సంగతి అటుంచి, మంచం దిగే మనిషి కూడా మిగల్లేదు. తల తిరుగుడు, వణుకు. బాషానే నన్ను హాస్పిటల్‌కి మోసుకెళ్లాడు. “బలే బరువుండావు గదప్పా” అన్నాడు, అంతే. సెలవు పోయింది.

“కొన్ని మందులకు కోరిక తగ్గించే సైడ్ ఎఫెక్ట్ ఉంటుంది. చెప్పి ఉంటే మార్చేవాణ్ని గదా!” అన్నాడు డాక్టరు.

రావడం లేదని ఫోన్ చేస్తే షాహీన్ అడిగింది: “ఆడ ఇంకెవరన్న ఉన్నరా?”

జోకు కోసం వెతికాను. దొరకలేదు. ఉన్నదంతా చెప్పాను.

“నాలనే ఏదో లోపమనుకున్న. మొన్ననే పోయి జుట్టుకు రంగు ఏపిచ్చుకొచ్చిన. ఒక్క మాట చెప్పకపోతివి,” అని ఏడ్చింది.

ఇప్పుడు మందు మారింది. కొన్ని రోజులు బాగుంటాను. కొన్ని రోజులు బస్సు తాళాలు అందుకోవడమే బరువు. ఆ రోజు డ్యూటీ వద్దంటాను. ఒళ్లు ఇంకా మాట వినదు, వచ్చే సెలవుకి వింటుందో లేదో తెలియదు. “రంగు పోకముందే రా, ఎట్లుంటే అట్లనే రా,” అంటోంది షాహీన్.

చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను. టాబ్లెట్ మానేముందు డాక్టరుకు చెప్పండి, పడకగది సంగతైనా సరే. సిగ్గేస్తే ముందు జోకు వేయండి. ఆయన రెండోసారి అడిగితే నిజం చెప్పండి. అడగకపోతే మీరే చెప్పండి.