ఆముదం పోసిన పొద్దు

పొద్దుగాల ఆరు గంటలు. మంచు దట్టంగ పడుతున్నది, ఎదురింటి గోడ గూడ కనిపిస్తలేదు. ఆ పొద్దు నేను పడ్డ భయం, ఆ తర్వాత పోయిన పరువు, రెండూ చెప్త. నవ్వుకోండ్రి.

నెలకోసారి మా ముగ్గురు ఆడపిల్లలకు పరగడుపున ఆముదం పోస్త, ఆ పొద్దు గూడ పోసిన. తర్వాత ఏం పడ్డదో చూసుడు నా పని. పురుగులున్నయా, జిగటున్నదా, అరగని గింజలున్నయా? తల్లి చూడకుంటే ఎవరు చూస్తరు?

ఎనిమిది గంటలకు పెరట్ల పెద్దది శాంతది చూసిన. ఎర్రగ ఉన్నది. నడిపిది సరోజది చూసిన. ఎర్రగనే! చిన్నది పద్మది గూడ గంతే! "నెత్తురు!" అని మొత్తుకున్న.

పోయిన వానకాలం మా వాడకట్టుల ఒక పిల్లకు గిట్లనే నెత్తురు పడ్డది. బోధన్ దవాఖానకు తీస్కపోయిండ్రు. పిల్ల బతికి రాలేదు.

"చెంచ కొలత ఎరుకలేదా నీకు? ఆముదం ఎక్కువ పోసి పోరిల పేగులు కోసినవ్!" అన్నది మా అత్త.

మంచు మసకల కొలత కనిపియ్యక ఒక చెంచ ఎక్కువనే పడ్డది మరి.

అప్పుడే చేన్లకు పోయివచ్చిన పిల్లల బాపు బండి కట్టిండు. ఆయన మొఖం సున్నం లెక్క తెల్లగున్నది. పిల్లలంటే గింత పాణమా అనుకున్న.

తొవ్వంత ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్ల వరుస. "జరుగుండ్రి! పిల్లలకు నెత్తురు పడుతున్నది!" అని మొత్తుకున్న. పాపం, అందరు ఎడ్లను పక్కకు దింపి తొవ్వ ఇచ్చిండ్రు.

దవాఖానల డాక్టరు పిల్లల నాలుకలు చూసిండు, పొట్టలు నొక్కిండు.

"నొప్పున్నదా? జ్వరం?"

"లేదు సార్."

"నాకు చెరుకు ముక్క కావాలె" అన్నది పద్మ.

"నిన్న రాత్రి ఏం తిన్నరు?"

"మా ఆడిబిడ్డ నిజామాబాద్ నుంచి బీట్రూట్ అని కొత్త కూరగాయ తెచ్చి ఇచ్చిపోయింది. అది వండిన."

"నువ్వు తినలేదా?"

"అందరు తిన్నంక నేను కూసున్న సార్. కూర అయిపోయింది. మామిడికాయ తొక్కుతోని తిన్న."

డాక్టరు కలం కింద పెట్టిండు. "అది నెత్తురు కాదమ్మా. బీట్రూట్ రంగు."

నాకు నమ్మబుద్ధి కాలేదు. అప్పుడు తలుపు కాడికెల్లి మా ఆయన మెల్లగ అడిగిండు: "అట్లయితే... నాది గూడ గదేనా సార్?"

పొద్దుగాల్నే చేన్ల చూసుకున్నడట! చెప్తే నేను భయపడ్తనని చెప్పలేదట. ఈయనకు ఆముదం ఎవరు పోసిండ్రు? ఆ ఒక్క మాట ఇంటికాడ చెప్పినా, తప్పు ఆముదానిది కాదని నా పాణం కుదుటపడేది.

డాక్టరు నవ్వు ఆపుకున్నడు. "చూసుడు మానకు. నిజంగ నెత్తురైతే జిగట వస్తది, కడుపు మెలిపెడ్తది, పిల్లలు సోలిపోతరు. తారు లెక్క నల్లగ వచ్చినా ఆగకుండ రా. కాని ముందుగాల ఏం తిన్నరో యాద్ చేస్కో."

తిరిగి వస్తుంటే గవే చెరుకు బండ్లు. ఇంచు గూడ జరగలేదు. "అక్కా, పిల్లలెట్లున్నరు? డాక్టరు ఏమన్నడు?" అని ఒక్కొక్కరు లేచి అడుగుతున్నరు. నేను కొంగు మొఖం మీదికి గుంజుకున్న. సరోజ మాత్రం బండి బండికీ చెప్పుకుంట వచ్చింది: "మేం కూర తిన్నమట!"

ఇంటికాడ అరుగు మీద అత్త పండుకున్నది. చుట్టూ వాడకట్టు ఆడోళ్లు. మేం పోయినంక ఆమె గూడ పెరట్లకు పోయిందట. "నేను పోతున్న. నా కడియాలు నా బిడ్డకే ఇయ్యుండ్రి" అంటున్నది. ఆ బీట్రూట్ తెచ్చిన బిడ్డకే!

బండి దిగంగ కూర తిన్నోళ్లను లెక్కపెట్టిన. శాంత, సరోజ, పద్మ. వాళ్ల బాపు. అరుగు మీద అత్త.

వంటింట్ల ఇంకో రెండు బీట్రూట్ గడ్డలు మిగిలినయ్. ఇగ ఎవ్వరికి పెట్టలేదు, మర్నాడు నేనే వండుకొని తిన్న. తియ్యగ బాగనే ఉన్నది. తెల్లారి పెరట్ల చూసుకున్న.

అన్నీ తెలిసి గూడ గుండె ఝల్లుమన్నది. ఇంట్లకు ఉరికి, నిద్రపోతున్నోళ్లను మల్ల ఒక్కొక్కరిని లెక్కపెట్టిన. అందరున్నరు.