ముందు లోపలికి నొక్కాలి

“ఎవరైనా బయటి నుంచి గట్టిగా లాగితే ఈ తలుపు ఆగుతుందా అక్కా?”

ఆ మేడలోకి వచ్చిన సాయంత్రం, సామాన్లు ఇంకా మూటల్లోనే ఉండగా, ఎదురు గది ఆవిడను నేను అడిగిన మొదటి మాట ఇది. ఆవిడ పేరడగలేదు. కుళాయిలో నీళ్ళు ఎప్పుడొస్తాయని అడగలేదు. నా భుజం మీద పాప నిద్రపోతోంది.

“ఆగదు,” అందావిడ. “లాగేవాడే ఆగాలి.”

అని పకపకా నవ్వింది. నేను పాపను ఇంకో భుజం మీదకి మార్చుకున్నాను.

ఆ మేడలో ఏ గదికీ లోపలి గడియ లేదు. గడియ ఉండాల్సిన చోట మరలు ఊడదీసిన చిల్లులు, రంగు పడని చెక్క కనిపించేవి. బయటి గొళ్ళెం మాత్రం దిట్టంగా ఉండేది. అంటే బయట నిలబడ్డవాడు లోపలివాళ్ళను బంధించగలడు గానీ, లోపలివాళ్ళు బయటివాణ్ణి ఆపలేరు. నేను భౌతికశాస్త్రం చదివి, పొద్దున్న పూట ఒక ట్యుటోరియల్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. మా ఆవిడ నర్సు. తను డ్యూటీకి వెళ్ళిపోతే మధ్యాహ్నం నుంచి ఆ గదిలో పాపా నేనే. పాప పుట్టినప్పటి నుంచి నాకు ప్రతి వస్తువులోనూ అపాయమే కనిపించేది. బల్ల మూల, గుండీ, బకెట్లో నీళ్ళు. ఇప్పుడు వాటికి తలుపు తోడైంది.

గడియలు ఎందుకు లేవో ఎదురు గది ఆవిడే చెప్పింది. వసారా చివరి గదిలో కుట్టుపని చేసే పిల్ల ఒకతె ఉండేదట. ఒంట్లో బాగాలేక లోపల గడియ పెట్టుకుని పడుకుంది. ఎంత పిలిచినా లేవలేదు. ఈవిడ తలుపు బాదుతూ నిలబడింది. లోపలి నుంచి ఒక్కసారి “అక్కా” అని వినిపించింది. వడ్రంగిని వెతికి తెచ్చి తలుపు పగలగొట్టేసరికి అంతా అయిపోయింది. ఇంటి ఓనరు వచ్చి, విరిగిన తలుపు చూసి, మేడ మొత్తానికి గడియలు పీకించాడు.

“పిల్ల పోయిందని కాదు తమ్ముడూ, తలుపు పోయిందని,” అంది ఆవిడ.

ఆవిణ్ణి అందరూ కాజాలక్క అనేవారు. వీధి చివర టైలరింగ్ షాపులో పని. మాస్టరు గుడ్డ కత్తిరిస్తాడు, ఇద్దరు మిషను మీద కుడతారు, చొక్కాలకూ కోట్లకూ గుండీలు దూరే కాజాలు చేతితో తీసేది ఈవిడ. నలభై దాటిన మనిషి, బక్కపల్చని ఒళ్ళు, నోరు మాత్రం మోగే గంట. కుడిచెయ్యి సూది పట్టుకుంటే కదిలినట్టే ఉండేది కాదు. ఎడమచేతిలో రెండు వేళ్ళు మడతపడేవి కావు. గుడ్డను ఆ రెండు వేళ్ళ మధ్య ఇరికించి పట్టుకునేది.

ఆ వేళ్ళ సంగతి నేను అడగలేదు. పాపను ఆడిస్తూ, ఒక్కొక్క ఇంటి తలుపు గురించీ చెబుతూ తనే అక్కడికొచ్చింది. పుట్టింట్లో తలుపుకి బదులు పాత చీర వేలాడేది. పెళ్ళయ్యాక మంచి టేకు తలుపున్న ఇల్లు. ఆ మనిషి పనికి వెళ్ళేటప్పుడు బయట తాళం వేసి వెళ్ళేవాడు. మొగుడు అని ఆవిడ ఎప్పుడూ అనలేదు, ఆ మనిషి అనే అనేది.

“చుట్టుపక్కల వాళ్ళంతా ఏమనుకునేవాళ్ళో తెలుసా? పెళ్ళాన్ని ఎంత భద్రంగా చూసుకుంటున్నాడో అని.”

ఒకనాడు తాళం మరిచిపోయాడు. ఆ రోజే కట్టుబట్టలతో అన్నగారి ఇంటికి చేరింది. అక్కడ ఒక గది ఇచ్చారు. తలుపుకి గడియ సరిగ్గా పడేది కాదు. రోకలిబండంత కర్రను అడ్డం పెట్టుకునేది. కిటికీలోంచి చెయ్యి పెట్టి కర్రను ఎలా తప్పించాలో అన్నకి మాత్రం చూపించింది, ఏదైనా అయితే తీస్తాడని. ఆ మనిషి వచ్చి అన్న కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. అన్న మనసు కరిగింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి కర్ర తప్పించాడు.

“మీ అన్నయ్య తర్వాత ఏమన్నాడక్కా?”

“ఏమంటాడు? సర్దుకుపోతావనుకున్నానే అన్నాడు.” ఎడమచెయ్యి పైకెత్తి చూసుకుంది. “ఇవి రెండూ సర్దుకుపోయాయిలే.”

ఆ తర్వాత ఎన్ని గదులు మారిందో. ఎక్కడున్నా ఆ మనిషి ఆచూకీ తీసేవాడు. ఈ గదికి మాత్రం ఇంకా రాలేదు.

మా మేడ తలుపులు వసారా వైపుకి తెరుచుకునేవి. కాబట్టి వెనక పెట్టె పెట్టినా మంచం జరిపినా లాభం లేదు. కాజాలక్క ఏం చేసిందంటే, ప్యాంట్ల నడుముకి వేసే మందపాటి పట్టీని నాలుగు మడతలు వేసి, మధ్యలో సైకిలు బ్రేకు తీగ పెట్టి కుట్టింది. ఒక కొస పక్కగోడలోని ఇనుప రింగుకి బిగించింది, బట్టల తీగ కోసం ఎవరో ఎప్పుడో వేయించిన రింగు అది. రెండో కొసన ఉచ్చులా పెద్ద కాజా తీసింది. తలుపుకి లోపలి వైపు పైకి తిరిగిన కొక్కెం ఒకటి. చొక్కా తగిలించుకోవడానికని ఓనరుకి చెప్పిందట.

“నువ్వు చొక్కాలు ఎప్పటి నుంచి తొడుక్కుంటున్నావని అడగలేదా?”

“ఊళ్ళోవాళ్ళ చొక్కాలన్నీ నా చేతి మీదుగానే పోతాయి కదా తమ్ముడూ!”

కాజా కొక్కేనికి తగిలిస్తే బయటి నుంచి ఎంత లాగినా తలుపు వేలెడు సందు కంటే తెరుచుకోదు. సందులోంచి బ్లేడు పెట్టినా తీగ తెగదు. మా గదికీ అలాంటిదే కుట్టి ఇచ్చింది. ఆ రోజు నాకు కంటి నిండా నిద్ర పట్టింది. కానీ నా బుర్ర ఊరుకోదు కదా. మర్నాడే అడిగాను.

“నువ్వు లోపల పడిపోతే ఎలా అక్కా? ఆ చివరి గది పిల్లలా?”

ఆవిడ ముఖం మాడిపోయింది. పాప చేతిలో ఖాళీ దారపు రీలు పెట్టి, అది దొర్లిస్తుంటే చూస్తూ కూర్చుంది. ఆవిడకి రెండు తలుపులూ ఒకేసారి గుర్తొచ్చి ఉంటాయి. అన్న తెరిచినదీ, తను తెరవలేకపోయినదీ.

వారం తిరక్కుండా నన్ను పిలిచి తలుపు పైనున్న వెంటిలేటర్ చూపించింది. కాజాకి సన్నని పురికొస ముడివేసి, పైకి తీసి, వెంటిలేటర్ చువ్వల మధ్య నుంచి బయట ద్వారబంధం పైకమ్మి మీదకి వదిలింది. దుమ్ములో కలిసిపోయి, పాత సాలెగూడులా ఉంది.

“ఊరికే లాగితే రాదు. తలుపు బయటికి లాగి ఉంటే పట్టీ బిగుసుకుంటుంది. ముందు తలుపు లోపలికి నొక్కాలి. అప్పుడు కొస లాగితే కాజా పైకి లేచి కొక్కెం మీంచి జారుతుంది. ఆ మనిషికి లాగడమే తెలుసు, నొక్కడం తెలీదు. ఇది నీకొక్కడికే చెబుతున్నా. నర్సమ్మకి కూడా చెప్పకు.”

“సరే అక్కా.”

“ఇంకొకటి. ఆ మనిషి ఈ వసారాలో ఉండగా మాత్రం తీయకు. నేను చచ్చిపోయానని చెప్పినా తీయకు. ఒక్కసారి ఆ కొస చూశాడంటే ఈ గదీ పోయినట్టే.”

పాప తల మీద చెయ్యి వేయించి నాతో ఒట్టు పెట్టించింది.

ఆ మనిషి ఒక మధ్యాహ్నం వచ్చాడు. నేను ఊహించుకున్న మనిషి కాదు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు. ఆ రోజు షాపుకి సెలవు, కాజాలక్క గదిలోనే ఉంది. పాపకు అన్నం తినిపిస్తూ తలుపు తీసి చూశాను. ఎదురు తలుపు ముందు నిలబడి మెల్లగా తడుతున్నాడు.

“బాబూ, మీరు ఎదురింటివాళ్ళా? నేను ఆవిడ భర్తని. పిలుస్తుంటే పలకడం లేదు. ఇందాక లోపల దబ్బున ఏదో పడిన చప్పుడైంది. నాకు భయంగా ఉంది.”

పాప వైపు వేళ్ళు ఆడించాడు. పాప నవ్వింది. నేను పాపను నా వెనక్కి జరిపాను.

“అక్కా!” అని నేనూ పిలిచాను. జవాబు లేదు. తలుపు లాగి చూశాను. వేలెడు సందు, ఆ సందులో పట్టీ, దాని వెనక గోడ ముక్క. అక్క భయపడి ఊపిరి బిగబట్టి కూర్చుని ఉండాలి. లేదా పడిపోయి ఉండాలి. రెండింటికీ వినిపించేది ఒకే నిశ్శబ్దం. తేడా తెలుసుకునే దారి మేము పెట్టుకోలేదు. తీయడం ఎలాగో ఆవిడ చెప్పింది, నేను విన్నాను. బతికే ఉన్నానని లోపలి నుంచి ఎలా చెబుతుందో ఇద్దరం ఆలోచించలేదు.

“వడ్రంగిని పిలుద్దాం బాబూ,” అన్నాడతను. “పాపం, దానికి బీపీ ఉంది.”

బీపీ ఉన్న మాట నిజమే. అబద్ధమాడుతున్నాడని నమ్మాలని ఎంత ప్రయత్నించానో. మా ఆవిడకి ఫోన్ చేశాను, డ్యూటీలో ఎత్తలేదు. పాపను చంకనేసుకుని కిందికి పరుగెత్తాను. వాచ్‌మన్ బీడీ ఆర్పకుండానే, “మొగుడూ పెళ్ళాల గొడవ, మనకెందుకు సార్?” అన్నాడు. షాపు ఫోను మోగి మోగి ఆగిపోయింది. అప్పుడు మాస్టరు ఇంటికే వెళ్ళాను. ఆయనా, మిషను మీద పనిచేసే ఇద్దరూ వచ్చేసరికి ఎండ గోడ దిగిపోయింది. అతను మెట్ల మీద కూర్చునే ఉన్నాడు. మాస్టరు అతని భుజం మీద చెయ్యి వేసి, “రా పెద్దాయనా, కింద మాట్లాడుకుందాం,” అని దాదాపు మోసుకెళ్ళినట్టే తీసుకెళ్ళాడు.

వసారా ఖాళీ అయ్యింది. పాపను దించి, బకెట్ బోర్లించి ఎక్కి కొస అందుకున్నాను. రాలేదు. మళ్ళీ లాగాను, రాలేదు. నా రెండో చెయ్యి తలుపుని పట్టుకుని బయటికి లాగుతోందని అప్పుడు చూసుకున్నాను. లోపలికి నొక్కాను. కాజా జారింది.

కాజాలక్క కొక్కెం కిందనే నేల మీద ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. మూతి ఒక పక్కకి పోయింది. వీధి వైపు కిటికీలోంచి ఆ మనిషి రావడం చూసి, పట్టీ తగిలించి, అక్కడికక్కడే కూలిపోయి ఉంటుంది. నన్ను చూసి ఏదో అనబోయింది. మాట కాలేదు.

ఆసుపత్రిలో మా ఆవిడే దగ్గరుండి చూసింది. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి. ముందే తెచ్చి ఉంటే బాగుండేదా అని నేను డాక్టర్ని అడిగాను. ఆయన కాగితాల్లోకి చూస్తూ, “ముందే వస్తే ఎప్పుడూ మంచిదే,” అన్నాడు. బయట వరండాలో ఆ మనిషి వచ్చేపోయేవాళ్ళకి చెబుతున్నాడు: “నేను లేకపోతే ఎవరికీ తెలిసేదే కాదు. నేను చెబితే కూడా తీయలేదండీ.” అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

ఒకరోజు లోపలికి వచ్చి, దుప్పటి మీద పడి ఉన్న ఆమె కుడిచేతిని చూశాడు. ఎత్తి, వదిలి చూశాడు. అది దుప్పటి మీద పడింది. ఆ తర్వాత మళ్ళీ రాలేదు.

ఇప్పుడు కాజాలక్క షాపు వెనక గదిలో ఉంటుంది. మాస్టరు భార్య చూసుకుంటోంది. కాజాలు లేవు. మడతపడని రెండు వేళ్ళున్న ఆ ఎడమచేతితో గుండీలు రంగులవారీగా వేరుచేస్తుంది. మాట చాలావరకు తిరిగి వచ్చింది, కాస్త ముద్దగా. వెళ్ళిన మొదటిసారి ఆ గది తలుపుకి కూడా గడియ సరిగ్గా లేదని నా కళ్ళు పట్టేశాయి. పట్టీ తెచ్చి బిగిస్తానన్నాను.

“ఎందుకు?” అంది, కదలని కుడిచేతి వైపు గడ్డంతో చూపిస్తూ. “ఈ చెయ్యే నా తాళం. దీన్ని చూశాక వాడు రాడు.”

నవ్వింది. సగం ముఖమే నవ్వింది. నేను ఒట్టు సంగతి ఎత్తబోయాను. ఎడమచెయ్యి అడ్డం పెట్టింది.

“నువ్వు నేను చెప్పినట్టే చేశావు. చెప్పింది తప్పు. వాడి భయంలో ఉండి చెప్పాను. తలుపు ఎలా తీయాలో ఒక్కటే చెబితే చాలదు తమ్ముడూ, ఎప్పుడు తీయాలో కూడా చెప్పుకోవాలి. చిట్టి తల్లి రేపు పెద్దదవుతుంది, తలుపు వేసుకుంటుంది. వేసుకోనీ. నువ్వు పిలువు. పలకాలనిపించకపోతే లోపలి నుంచి ఒక్కసారి తట్టమను. తట్టిందా, నీ పని నువ్వు చూసుకో, పీకల మీద కూర్చోకు. తట్టలేదా, పక్కన ఎవడున్నా తీసెయ్. వాడితో నేను ఎలాగో పడతాను. నేల మీద పడ్డాక నాతో నేను పడలేను.”

పాపకి ఇప్పుడు నాలుగేళ్ళు. బొమ్మలతో గదిలో దూరి తలుపు మూసుకుని పట్టీ తగిలించుకోవడం నేర్చింది. మా పట్టీకీ పురికొస కట్టాను; అది ఎలా జారుతుందో మా ఆవిడకీ తెలుసు, పక్కగది వాళ్ళకీ తెలుసు. నేను బయట నిలబడి పిలుస్తాను. ఒక్కోసారి విసుగ్గా ఒక్క దెబ్బ తడుతుంది, నేను వెనక్కి వచ్చేస్తాను. ఏ చప్పుడూ రాని రోజున నా చెయ్యి హడావిడిగా తలుపును బయటికే లాగబోతుంది. ఆపుకుని, ముందు లోపలికి నొక్కుతాను.