ఖాళీ జెల్లీలో అన్న వేలు

దెయ్యాల మాటెత్తితే నవ్వేసే రకం నేను. అమ్మ దిష్టి తీయబోయినా విసుక్కునేదాన్ని. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది.

ఇది 2012లో జరిగింది. అప్పుడూ ఇప్పుడూ శంషాబాద్ దగ్గర ఒక ల్యాబులోనే నా పని. మా యంత్రం చర్మం మీదికి లేజర్ వెలుగు పంపుతుంది. ఆ వేడికి నెత్తురు మన చెవికి అందని శబ్దం చేస్తుంది. దాన్ని పట్టుకుని, వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలను తెరమీద బొమ్మగా గీస్తుంది.

మా అన్న ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎత్తేవాడు. సిగరెట్ల వల్ల నెత్తురు అందక అతని చూపుడువేలు కొస నల్లబడింది. తీసేయాలా, ఇంకొన్నాళ్లు మందులతో చూడాలా అన్నది దవాఖానలో మాకే వదిలేశారు.

"నువ్వే చూసి చెప్పు చెల్లె. నువ్వు ఏదంటే గదే" అన్నాడు అన్న.

ఒక ఆదివారం ల్యాబుకి తీసుకెళ్లి, వేలు యంత్రం కింద పెట్టించాను. చిన్నప్పుడు కొడవలితో తెగిన మచ్చ వరకే నాళాలు కనిపించాయి. ఆపైన తెరంతా నలుపు, అంటే నెత్తురు ఆడటం లేదు. తీయించుకోమన్నాను. తీసేశారు.

తర్వాత దసరా వచ్చింది. ఆయుధపూజకు యంత్రానికి పసుపు, కుంకుమ పెట్టాం. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే యంత్రం సరిగ్గా ఉందో లేదో తెలియడానికి ముందు ఖాళీ జెల్లీ ముక్క పెట్టి చూశాను. అందులో ఏమీ ఉండదు కాబట్టి తెర నల్లగా రావాలి.

నాళాలు వచ్చాయి. ఒకచోట మెలిక తిరిగి, ఆగకుండా కొస దాకా దట్టంగా పాకాయి. అన్న వేలి పాత బొమ్మ తీసి పక్కన పెట్టుకున్నాను. మచ్చ వరకు రెండూ ఒకటే. పాతదాంట్లో నల్లగా ఉన్నచోట కూడా ఇందులో నాళాలున్నాయి.

"కుంకుమ రాలిందమ్మా. ఎరుపు కదా, నెత్తురులాగే కనిపిస్తుంది" అన్నారు మా సారు. ప్రతి దసరాకీ మేం చేసే పొరపాటే అది. కానీ కుంకుమ చుక్కలుగా కనిపిస్తుంది, కొమ్మలు వేయదు. యంత్రం తొట్టిలో నీళ్లు మార్చి మళ్లీ పెడితే తెర నల్లగానే వచ్చింది. సారు అంతటితో వదిలేశారు. నాకు మాత్రం అన్నం సహించలేదు. ఆ వేలు బతికేదేమో, తొందరపెట్టింది నేనేనేమో అని ఒకటే కుమిలిపోయాను. అన్నకు చెప్పే ధైర్యం రాలేదు.

మొన్న తనుండే మామిడిపల్లి నుంచి అన్న మా ఇంటికి వచ్చాడు. టీ తాగుతూ చెయ్యి నా ముందు చాపాడు.

"లేని ఏలు ఉన్నట్టే అనిపిస్తది చెల్లె. జర మిషిన్ల పెట్టి చూస్తవా?"

వేలు పోయినవాళ్లకు లేని వేలు నొప్పి పెట్టడం మామూలేనని సర్దిచెప్పబోయాను.

"నొప్పి గాదు. ఎచ్చగ, మంచిగుంటది" అన్నాడు.

ఆ దసరా మర్నాడు పొద్దున తెరమీద నేను చూసిందేమిటో ఇప్పటికీ చెప్పలేను. అన్న చెయ్యి పట్టుకుని ఏడ్చాను.