దొరకని వాక్యం

మొగల్తూరు రోడ్డు పక్కన, పంటకాలువని ఆనుకుని ఉన్న ఆ ఊళ్ళో చర్చికి వచ్చేవాళ్ళంతా లోపల కూర్చునేవారు. ఒక్క రామతులసి మాత్రం వరండాలో, విడిచిన చెప్పుల పక్కన కూర్చునేది. పాట వస్తే పాడేది. ప్రార్థనకి కళ్ళు మూసుకునేది. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల జరిగేది, అంటే అందరూ రొట్టె ముక్క, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. ఆ రోజు పళ్ళెం గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయేది. ఇలా పన్నెండేళ్ళు గడిచాయి.

ఆవిడ చేసిన నేరమేంటని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, "బాప్తిస్మం అయ్యాక బొట్టు పెట్టించుకుంది" అని చెప్పేవారు. అది నిజమే. కానీ కొన్ని నిజాల్ని అంత పొట్టిగా చెబితే అబద్ధం కంటే ఎక్కువ అన్యాయం జరుగుతుంది. అందుకే కొంచెం పొడుగ్గా చెప్పాలి.

రామతులసి పుట్టింది, మెట్టింది వ్యవసాయం చేసుకునే కుటుంబాల్లోనే. మొగుడు అబ్బులుకి రెండెకరాల పొలం, ఒక పెంకుటిల్లు, ఒక తల్లి. తల్లి పేరు పాపాయమ్మ. రామతులసికి రెండుసార్లు కాన్పు అయింది, రెండుసార్లూ బిడ్డ ఊపిరి లేకుండానే పుట్టాడు. ఆ తర్వాత శ్రావణమాసం పేరంటాలకి పిలుపులు తగ్గిపోయాయి. పిలిచిన ఇంట్లోనైనా, వరసగా కాళ్ళకి పసుపు రాస్తూ వచ్చే ఇల్లాలికి రామతులసి దగ్గరకొచ్చేసరికి పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి. లోకం తీరే అంత. తిట్టకుండానే చంపుతుంది.

రెండో బిడ్డని పూడ్చిన రోజు, వాళ్ళ చేలో ఊడ్పులకొచ్చే ఏసమ్మ పెరటి గుమ్మం దగ్గర వచ్చి కూర్చుంది. ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. పొద్దుగూకేదాకా కూర్చుని, లేచి ఊరి చివర కూలివాళ్ళ పేటకి వెళ్ళిపోయింది. మర్నాడూ వచ్చింది. మూడో రోజు రామతులసే అడిగింది.

"మీ చర్చిలో ఏం చెప్తారు ఏసమ్మా?"

"చచ్చినోళ్ళ గురించి, బతికినోళ్ళ గురించి చెప్తారండి అమ్మగారూ."

"మరి నాలాంటోళ్ళ గురించి?"

"ఎక్కువ మీలాంటోళ్ళ గురించేనండి."

అలా వెళ్ళింది. కూలికొచ్చేదాని వెనకాల పొలంగలామె పేటకి నడిచిందని ఊరు ముక్కు మీద వేలేసుకుంది. రెండేళ్ళు వెళ్ళాక బాప్తిస్మం తీసుకుంటానంది. పాస్టరు దానియేలుగారు ఆరు వారాలు పాఠం చెప్పారు. నీళ్ళలో ముంచడమంటే పాత మనిషిని సమాధి చెయ్యడమనీ, లేపడమంటే కొత్త బతుకులోకి రావడమనీ చెప్పారు. మునిగి లేచాకే అసలు పని మొదలవుతుందనీ, శిష్యరికమంటే ప్రభువు ఎటు నడిస్తే అటు, ముల్లు గుచ్చుకున్నా నడవడమేననీ చెప్పారు. ఏసమ్మ అదే మాట తనకి తెలిసిన పనిలో చెప్పింది. "నారుమడిలో ఎంత పచ్చగా ఉన్నా అది పంట కాదండి. పీకి, బురదలో నాటాలి. అప్పుడు ఓ వారం వాడిపోద్ది. తరవాతే దుబ్బు కడద్ది."

అంతా బాగానే ఉంది. చిక్కల్లా ఒక్కచోటే వచ్చింది. ఆ సంఘంలో బాప్తిస్మం తీసుకునే ఆడవాళ్ళు బొట్టు, గాజులు, ముక్కుపుడకతో పాటు మెడలో పుస్తెలు కూడా తీసెయ్యాలి. పెద్దలనాటి నుంచి వస్తున్న పద్ధతి. ఎక్కడ రాసుందని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

అబ్బులు మెత్తనివాడు, పైగా హాస్యగాడు. భార్య చర్చికి వెళ్తుంటే, "గుడికెళ్ళేది నేను, చర్చికెళ్ళేది నువ్వు, ఇంటికొచ్చాక ఇద్దరం తినేది గోంగూరే కదే" అని నవ్వేవాడు. పుస్తెల మాట వినగానే మాత్రం ఆ నవ్వు పోయింది.

"బొట్టు మానెయ్, గాజులు తీసెయ్. పుస్తెలు మాత్రం ఉంచు తులసీ. అయ్యి నీ దేవుడివీ కాదు, నా దేవుడివీ కాదు. నేను కట్టినయ్యి."

రామతులసి ఆ మాటే పట్టుకెళ్ళి పాస్టరుగారి ముందు పెట్టింది. ఆయన చెడ్డవాడు కాదు, కానీ తనకి చెప్పినవాళ్ళు చెప్పిందే తాను చెప్పే మనిషి. "ఒక కాలు ఒడ్డున పెట్టి మునగలేం కదమ్మా" అన్నారు. ఏసమ్మని అడిగితే, "నేనూ తీసినదాన్నేనండి. తీసెయ్యండమ్మగారూ" అంది.

వేసవిలో కట్టేసిన కాలువకి జూన్ మూడో వారంలో నీళ్ళొచ్చాయి. అది తొంభై నాలుగు. బాప్తిస్మాలన్నీ ఆ నీటి కోసమే ఆగి ఉండేవి. ఆ ఉదయం రామతులసి పసుపుతాడు విప్పి, రెండు పుస్తెలూ మొగుడి అరచేతిలో పెట్టింది. అబ్బులు వాటిని తన మొలతాడుకి కట్టుకుని ముడి బిగించాడు.

"నీ మెడలో ఉన్నా, నా మొలకున్నా మనింట్లో ఉన్నట్టే" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. గోడకేసి తిరిగి, భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పక్కగదిలోంచి పాపాయమ్మ అంతా వింది. అంత ఏడ్చినా గట్టు దాకా వచ్చాడు పిచ్చి మనిషి. పెళ్ళాం తెల్లచీరలో నీళ్ళలోకి దిగుతుంటే, "రేవులో పాకుడుంది, జాగర్త" అని అరిచాడు.

సరిగ్గా పదకొండు వారాలకి అబ్బులు చచ్చిపోయాడు. ఎకరం పొలాన్ని చేపల చెరువు చేశాడు ఆ ఏడే. పొద్దున్నే వెళ్ళి తడి చేత్తో మోటారు స్విచ్చి ముట్టుకున్నాడు. శవానికి స్నానం చేయించేటప్పుడు మొలతాడుకి పుస్తెలు కనపడ్డాయి. చూసినవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. "మొగుడుండగానే ముండమోసిన వేషం వేసింది. ఊరికే పోద్దా?" అని రామతులసి వినేలాగే అన్నారు. ఆవిడ కూడా ఆ మాటని మనసులోంచి తోసెయ్యలేకపోయింది. కరెంటుకి పుస్తెలతో పనేంటని బుద్ధి చెబుతూనే ఉంది. బుద్ధి మాట ఎవరు వింటారు?

తొమ్మిదో రోజు పాపాయమ్మ కోడలి ఎదురుగా వచ్చి నేల మీద కూర్చుంది. ఆ ఇళ్ళలో మొగుడు పోతే పదో రోజున భార్యకి పసుపు రాసి, బొట్టు పెట్టి, పూలు ముడిచి, గాజులు తొడిగి రేవుకి తీసుకెళ్తారు. అక్కడ అన్నీ ఒక్కొక్కటే తీసేస్తారు. రామతులసి ఒంటి మీద తియ్యడానికి ఏమీ లేదు.

"రేపు పెట్టించుకోవే" అంది పాపాయమ్మ. "నేనూ చేయించుకున్నదాన్నే. అదెంత నరకమో నాకు తెలీదా? కానీ అది జరక్కపోతే నా కొడుకు పెళ్ళాం లేనోడిలా పోయినట్టుంటది. ఆడికి పెళ్ళాం ఉందని పదిమందిలో ఒక్కసారి చూపించు. తరవాత నీ ఇష్టం. నీ కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే పట్టుకుంది. సాయంత్రం పాస్టరుగారు వచ్చి వీధరుగు దగ్గర నిలబడ్డారు, వెనక ఏసమ్మ.

"బొట్టు పెట్టించుకుంటే ప్రభువుని ఎరగనని చెప్పినట్టేనమ్మా" అన్నారాయన.

రామతులసికి రెండు వైపులా తెలుసు. పెట్టించుకుంటే బల్ల దగ్గర తన చోటు పోతుంది. మెట్టినూళ్ళో ఎవరూ ఇవ్వని చోటు అది, పేటవాళ్ళ మధ్య చాప మీద దొరికింది. కాదంటే ఈ ముసలమ్మ చచ్చేదాకా కొడుకు కోసం కుమిలిపోతుంది. పొద్దుటిదాకా ఆలోచించింది. ముంచినప్పుడు చచ్చిపోయావన్నారు. చచ్చినదానికి పరువేంటి, చోటేంటి? కాళ్ళు పట్టుకున్న ముసలిదాన్ని తోసేసి వెళ్ళేవాడైతే ఆయన ప్రభువు ఎందుకవుతాడు? ఇదీ ఆవిడకి తోచింది. తప్పో ఒప్పో ఆయనకే తెలియాలి.

పదో రోజు అదే రేవు, అదే పాకుడు మెట్టు. రూపాయి కాసంత బొట్టు పెట్టారు. ఆకుపచ్చ గాజులు మోచేతి దాకా తొడిగారు. అబ్బులు మొలతాడు మీంచి తీసిన పుస్తెలు పాపాయమ్మే పసుపుతాడుకి గుచ్చి కోడలి మెడలో కట్టింది. కట్టి, ఒక్క నిమిషం చూసుకుంది. తర్వాత ముత్తైదువులంతా తప్పుకున్నారు. రాయి మీద గాజులు పగిలాయి. తాడు తెంపారు. నెత్తిన నీళ్ళు పోశారు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపుని రామతులసి ఆ నీళ్ళలో వదిలేసింది. గట్టు మీద దూరంగా ఏసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

ఆ ఆదివారమే సంఘంలో చెప్పేశారు. తప్పు చేశానని అందరి ముందు ఒప్పుకునేదాకా రామతులసికి బల్లలో పాలు లేదన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు, చర్చి మానలేదు. "బల్ల దగ్గరకి రావద్దన్నారు గానీ వాకిట్లోకి రావద్దనలేదు కదండి" అని వరండాలో కూర్చుంది. చేపల చెరువు కౌలుకిచ్చి, గేదెని పెట్టుకుని, అత్తని చూసుకుంటూ బతికింది. ఆ ఇంట్లో ఇద్దరు విధవలు ఏడేళ్ళు అబ్బులు పేరెత్తకుండా ఒకే కంచుగిన్నెలో పెరుగు తోడెట్టుకున్నారు.

రెండువేల ఒకటిలో పాపాయమ్మకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఎత్తడం, తుడవడం, తినిపించడం అన్నీ కోడలే. ఒక సాయంత్రం రామతులసి మంచం పక్కన బైబిలు తీసి వాక్యం చదువుకుంటోంది. రెండో తరగతి చదువు కాబట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదివేది. ముసలమ్మ వంకర నోటితో అడిగింది.

"అందులో పుస్తెలు తీమని ఎక్కడుందో చదవ్వే."

అంతవరకూ రామతులసికి ఆ వెతుకులాటే తట్టలేదు. "మొదట్నుంచీ చదివితే కనపడుద్దేమోనత్తయ్యా" అంది. మొదటి పేజీ తీసింది. ఇక రోజూ అదే పని. రోజూ దీపాలు పెట్టే వేళకి ముసలమ్మ అదే అడిగేది.

"దొరికిందా?"

"లేదత్తయ్యా."

మూడేళ్ళకి ఒకచోట ఆడవాళ్ళ నగల మాట వచ్చింది. బంగారంతో, ముత్యాలతో సింగారించుకోవద్దని ఉంది. రామతులసి రెండుసార్లు చదివి వినిపించింది. పాపాయమ్మ పైకప్పుకేసి చూస్తూ అడిగింది.

"పుస్తెలు సింగారమంటే? ఇరవయ్యేళ్ళు కట్టుకున్నాను. ఒక్కనాడూ సింగారం అనుకోలేదు." మళ్ళీ తనే, "ఇంకా చదువు. దొరికితే బాగుణ్ణు" అంది.

"దొరికితే మీకు కోపం రాదా?"

"దొరక్కపోతే ఆరోజు నా కొడుకు ఊరికే ఏడిసినట్టు కదే."

రామతులసి పుస్తకం మూసేసింది. గేదెకి గడ్డి వెయ్యాలని లేచి, పెరట్లో గాటి పక్కన కూలబడి ఏడ్చింది. పదేళ్ళుగా తన దుఃఖమే దుఃఖమనుకుంది. ఈ ముసలమ్మ కొడుకు చావుని ఎప్పుడో దిగమింగింది. దిగనిది కొడుకు ఏడ్చిన ఆ ఒక్క ఏడుపే.

రెండువేల ఐదు వర్షాకాలంలో పాపాయమ్మ పోయింది. గ్రంథంలో ఇంకా పదిహేను పేజీలు మిగిలున్నాయి. చివరి రోజు మాట పడిపోయినా, దీపం పెట్టగానే కళ్ళతో అడిగింది. రామతులసి తల అడ్డంగా ఊపింది. కర్మకాండలన్నీ మరిది వరసవాళ్ళ చేత పద్ధతి ప్రకారం చేయించి, మిగిలిన పేజీలు ఒక్కతే కూర్చుని చదివింది. అందులోనూ లేదు.

మరుసటి ఏడు సంఘానికి కొత్త కట్టడం లేచింది. ప్రతిష్ఠకి ముందు పాతవన్నీ సరిచేసుకోవాలని పాస్టరుగారే రామతులసి ఇంటికొచ్చారు. ఆయనకీ జుట్టు నెరిసింది.

"అత్తగారూ పోయారు. ఇంకెవరి కోసమమ్మా ఆ పట్టుదల? ఒక్క మాట చెప్పి లోపలికి రండి" అన్నారు.

"ఒప్పుకోవాల్సింది ఉందండి. వత్తాను" అంది రామతులసి.

ఆయన సంతోషపడి, ఆ ఆదివారం రొట్టె ఆవిడకి కూడా సరిపోయేలా ఒక ముక్క ఎక్కువ కోయించారు. పన్నెండేళ్ళ తర్వాత రామతులసి గుమ్మం దాటి లోపలికొచ్చి నిలబడింది. ఏసమ్మ ముందు వరసలోనే ఉంది. చూపు మందగించినా అడుగుల చప్పుడు పోల్చుకుని తలెత్తింది.

"నేను తప్పు చేశానండి" అంది రామతులసి. "పదో రోజున కాదండి. బాప్తిస్మం రోజున. మా ఆయన నన్ను బొట్టు మాననిచ్చాడు, నీళ్ళలోకి దిగనిచ్చాడు. ఒక్కటి ఉంచమన్నాడు. అది కూడా తీసి ఆయన చేతిలో పెట్టి ఏడిపించాను. ప్రభువు అడిగాడనుకున్నాను. నాలుగేళ్ళు మొత్తం చదివాను. ఆయన అడగలేదు. అడగనిది ఆయన పేరు చెప్పి లాక్కున్నాను. దానికి క్షమాపణ అడగడానికి మా ఆయన లేడు, మా అత్త లేదు. మిమ్మల్నే అడుగుతున్నాను."

పుస్తెలు లేని మెడల మీదికి కొంగులు జరిగాయి.

"పదో రోజు సంగతి చెప్పమ్మా" అన్నారు పాస్టరుగారు మెల్లగా.

"దానికి క్షమించమనలేనండి అయ్యగారూ. అంటే ఇక్కడ నిలబడి అబద్ధమాడినట్టవుద్ది."

ఆయన ఏదో అనబోయి, ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళ మొహాలు చూసి ఆగిపోయారు. రామతులసి చేతులు జోడించి, వెళ్ళి వరండాలో తన చోట కూర్చుంది. పాట ఎత్తుకున్నారు. పళ్ళెం మొదటి వరస నుంచి కదిలింది. అది ఏసమ్మ దగ్గరకొచ్చి ఆగింది. పట్టుకున్నవాడు రెండుసార్లు పిలిచాడు. ఏసమ్మ తన బోసి మెడని చేత్తో తడుముకుంటూ కూర్చుంది, చెయ్యి చాపలేదు.

ఆ రోజు పళ్ళెంలో రెండు ముక్కలు మిగిలిపోయాయి.