మూత తీయక ముందు

నిన్న తిరుపతి నుంచి చిత్తూరు వస్తుంటే, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి కనిపించాయి. ఫోటో తీద్దామని ఫోన్ ఎత్తినదాన్ని, తీయకుండా అలాగే ఉండిపోయాను.

అలాంటి ఫ్యాక్టరీలోనే నా మొదటి ఉద్యోగం. హైదరాబాద్‌లో పెరిగి, ఫోన్‌లో దొరకనిది లోకంలోనే లేదని మన ఈడువాళ్ళందరిలాగే నమ్మిన నన్ను, సీజన్ మొదలయ్యేలోపు కొత్తవాళ్ళ కోసం యంత్రాల మీద పాఠాలు రాయమన్నారు. వివరాలు చెప్పాల్సింది ఫ్యాక్టరీ పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్న ఇంజినీరు సారు. గుజ్జు డబ్బాలను ఆవిరితో ఉడికించే పాత యంత్రం ఒకటుంది, పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిది. లోపలికి వచ్చే ఆవిరి కట్టేశాక ఏం చేయాలని అడిగితే ఆయన నడుస్తూనే, "మూత తీసేదే పాపా, ఇంగేముండాది" అన్నారు. కూర్చుని సరిగ్గా చెప్పమని నేను గొంతు పెంచితే, "సదువుకున్నోళ్ళకి నోరు జాస్తి" అని నవ్వి వెళ్ళిపోయారు. చెప్పింది చెప్పినట్టు రాసి పంపాను. ఆయన సరేనన్నారు. కింద ఆయన పేరు వేశాను.

ఆ పాఠంతో ఒకసారి నడిపి చూద్దామన్న రోజు, ఐరాల నుంచి వచ్చిన కొత్తమ్మాయి తన ఫోన్‌లో ఒక్కో వాక్యం పైకి చదువుతూ, ఆవిరి కట్టేసి, మూత చక్రం మీద చెయ్యి వేసింది. నేను పక్కన నిలబడి వీడియో తీస్తున్నాను. అప్పుడే లోపలికొచ్చిన సారు పరుగెత్తి ఆ అమ్మాయి రెక్క పట్టి వెనక్కి లాగేసి, లోపలి ఆవిరి బయటికి వదిలే పక్క వాల్వు తిప్పారు. బుసకొడుతూ వచ్చిన ఆవిరితో షెడ్డంతా తెల్లబడి, కాసేపు మేం ఒకరికొకరం కనిపించలేదు.

"లోపల ఆవిరి పెట్టుకోని ఎవురన్నా మూత తీస్తారా మా? ఎవురు చెప్పినారు నీకు?"

ఆ అమ్మాయి ఫోన్ చూపించింది. "మీరే గదా సార్. ఈడ మీ పేరే ఉండాది."

ఆయన చదివారు. మళ్ళీ చదివారు. "అది గూడా చెప్పాల్నా?" అని నన్ను అడిగారు, కోపంగా కాదు, నిజంగానే తెలియక. తర్వాత ఆ యంత్రం ముందే కూలబడి, "మొదట్నించి అడుగు పాపా. కసురుకుంటా, ఐనా ఇడిసిపెట్టొద్దు" అన్నారు. సాయంత్రందాకా మేమిద్దరం పోట్లాడుకుంటూనే ఉన్నాం.

ఇప్పుడు నేను పాఠాలు రాసే యంత్రాలు ఎక్కడెక్కడో ఉంటాయి. వాటి సంగతి తెలిసినవాళ్ళు వీడియో కాల్‌లో కాసేపు కనిపించి వెళ్ళిపోతారు, కసురుకునే తీరిక వాళ్ళకూ లేదు, గొంతు పెంచే చనువు నాకూ లేదు. అంతా మర్యాదగా అయిపోతుంది. చెప్పినంత రాసి పంపేస్తాను. ఏ ఊళ్ళో ఎవరి పిల్ల అది చదువుతూ దేనిమీద చెయ్యి వేస్తుందో నాకు తెలియదు.